పళ్లెం వెనక మీథేన్ లెక్క

*మారుటేరులో పుట్టిన వరి వంగడం, కొల్లేటి ఒడ్డున పెరిగిన శీలావతి, బెంగాల్ పల్లెలో పితికిన పాలు... అన్నీ కలిస్తే న్యూ టౌన్‌లో ఒక పూట భోజనం. ఆ భోజనం గాల్లోకి వదిలిన మీథేన్‌ను ఏ ప్రాంతం ఖాతాలో రాయాలి? తగ్గించే పని ఎవరు ముందు మొదలుపెట్టాలి?*

కోల్‌కతాకు తూర్పున, ఒకప్పటి రాజార్‌హాట్ పొలాలూ చెరువులూ ఉన్నచోట లేచిన పట్టణం న్యూ టౌన్. అక్కడ ఆదివారం ఉదయం చేపల బజారు చూసి తీరాలి. ప్లాస్టిక్ ట్రేల్లో మంచు ముక్కల మధ్య శీలావతులు బారులు తీరి ఉంటాయి. బెంగాలీలు వాటిని రుయి అంటారు. నిలువుగా లేచిన పెద్ద కత్తిపీట ముందు గొంతుక్కూర్చున్న అమ్మకందారు రెండు చేతులతో చేపను పట్టుకుని కత్తి మీదికి నెడుతూ ముక్కలు కోస్తుంటాడు. పక్కన అల్యూమినియం బేసిన్‌లో బతికున్న చేపలు నీళ్లు చిమ్ముతుంటాయి. ధర అడిగితే బేసిన్ వైపు చూపించి 'జ్యాంతో' అంటాడు, మంచు ట్రే వైపు చూపించి 'ఆంధ్రా' అంటాడు. మొదటిదానికి ధర ఎక్కువ.

ఆ బతికున్న చేప సాధారణంగా చుట్టుపక్కల చెరువులదే. మంచులోని చేప మాత్రం భీమవరం, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల్లో లారీ ఎక్కి, పదహారో నంబరు జాతీయ రహదారి మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, హావ్‌డా టోకు మార్కెట్ మీదుగా ఇక్కడికి చేరింది. సాఫ్ట్‌వేర్ కొలువుల కోసం వచ్చి న్యూ టౌన్ అపార్ట్‌మెంట్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వాళ్ల పక్కింటి బెంగాలీలు ఒకే ట్రేలోంచి చేపను ఎంచుకుంటారు. ఇద్దరి వంటిళ్లూ ఇలా ఒకే ఆహార గొలుసుకు కట్టుబడి ఉన్నాయి. ఆ గొలుసులో నాలుగు చోట్ల మీథేన్ పుడుతుంది: వరిమడిలో, పశువు పొట్టలో, చేపల చెరువు అడుగున, చివరికి చెత్త దిబ్బలో.

ఏ దేశం ఎంత మీథేన్ వదులుతోందన్న పట్టికలు ఏటా వస్తూనే ఉంటాయి. అందులో భారత్ పేరు ఎప్పుడూ పైవరుసల్లోనే. ఆ పట్టిక చూసి సిగ్గుపడేవాళ్లున్నారు, కోప్పడేవాళ్లున్నారు. ఆ లెక్క దేనితో కొలిచారన్నది అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఎకరానికా, కిలోకా, పశువుకా, మొత్తం దేశానికా? కొలత మారిన ప్రతిసారీ దోషి మారిపోతాడు. అందుకే ఈ లెక్కను దేశాల వరుసలో కాక, ఒక పళ్లెం వెంట నడుస్తూ చూడాలి.

ఎందుకింత ఆదుర్దా?

బొగ్గుపులుసు వాయువు వందల ఏళ్లు వాతావరణంలో ఉండిపోతుంది. మీథేన్ ఆయుష్షు సుమారు 12 ఏళ్లే. కానీ ఆ కొద్దికాలంలోనే అది చేసే పని తీవ్రమైంది. బరువుకు బరువు పోలిస్తే, 20 ఏళ్ల వ్యవధిలో బొగ్గుపులుసు వాయువు కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. వందేళ్ల వ్యవధికి చూస్తే 27 నుంచి 30 రెట్లు. పారిశ్రామిక యుగానికి ముందు నుంచి ఇప్పటిదాకా పెరిగిన వేడిలో సుమారు అర డిగ్రీకి మీథేనే కారణమని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ లెక్కగట్టింది.

ఆయుష్షు తక్కువ కావడమే ఇందులో ఉన్న ఆశ. ఈరోజు మీథేన్ తగ్గిస్తే దాని ఫలితం మన పిల్లలు పెద్దయ్యేలోపే కనపడుతుంది.

మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో దాదాపు 40 శాతం వ్యవసాయానిది, 35 శాతం బొగ్గు, చమురు, గ్యాస్‌లది, 20 శాతం చెత్త, మురుగులది. వ్యవసాయానికి చెందిన ఆ 40 శాతంలో పశువులదే సింహభాగం, 32 శాతం. వరిది 8 శాతం. ఇది ప్రపంచం లెక్క. మన దేశంలో పొందిక వేరు. కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక ప్రకారం 2016లో భారత్ వదిలిన మీథేన్‌లో దాదాపు 74 శాతం వ్యవసాయం నుంచే వచ్చింది. చెత్త, మురుగుల వాటా 14 శాతం పైన. అంటే మన మీథేన్‌లో ఎక్కువ భాగం మన తిండితో ముడిపడి ఉంది.

మారుటేరు వడ్లు, బెంగాల్ మడి

ముందు అన్నం సంగతి. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఎంటీయూ 7029 అనే వరి రకాన్ని విడుదల చేసింది. రైతులకు అది 'స్వర్ణ'. గోదావరి డెల్టాలో పుట్టిన ఆ వంగడం ఒడిశా దాటి బెంగాల్ చేరి, అక్కడి వానాకాలపు ఆమన్ సాగులో పాతుకుపోయింది. న్యూ టౌన్ కిరాణా కొట్టులో కొన్న బియ్యం బర్ధమాన్‌లో పండినా, దాని పుట్టిల్లు మారుటేరు అయి ఉండవచ్చు.

స్వర్ణ పంటకాలం సుమారు 145 రోజులు. మీథేన్ లెక్కలో పంటకాలం ముఖ్యం. మడిలో నీళ్లు నిలిస్తే అడుగు మట్టికి గాలి ఆడదు. ఆక్సిజన్ లేని ఆ బురదలో బతికే సూక్ష్మజీవులు కుళ్లిన వేళ్లనూ గడ్డినీ తిని మీథేన్ వదులుతాయి. ఆ వాయువులో అధిక భాగం బుడగలుగా పైకి రాదు. నీళ్లలో మునిగిన వేళ్లకు గాలి అందించడానికి వరి మొక్క తన కాండంలో పెంచుకున్న సన్నటి గాలి దారుల్లోంచే బయటికి వస్తుంది. మొక్క ప్రాణం నిలబెట్టుకునే ఏర్పాటే మీథేన్‌కు దారి అవుతుందన్నమాట. మడి ఎన్ని రోజులు మునిగి ఉంటే అంత వాయువు.

ఎడతెగకుండా నీళ్లు నిలిపిన మడి రోజుకు ఎంత మీథేన్ వదులుతుందో ఐపీసీసీ 2019లో ప్రాంతాలవారీగా సగటులు ఇచ్చింది. హెక్టారుకు దక్షిణాసియాలో 0.85 కిలోలు. ఆగ్నేయాసియాలో 1.22, తూర్పు ఆసియాలో 1.32, ఐరోపాలో 1.56. ఇటలీ, స్పెయిన్ దేశాల మడి మన మడి కన్నా రోజుకు దాదాపు రెట్టింపు మీథేన్ ఇస్తోంది. ఈ కొలతతో చూస్తే దోషి ఐరోపా రైతు. కానీ ఐరోపా సమాఖ్య మొత్తం మీద వరి సాగయ్యేది సుమారు 4 లక్షల హెక్టార్లలో. మన దేశంలో 4 కోట్ల హెక్టార్లకు పైగా. మొత్తం కొలిస్తే దోషి మనమే. ఆ అన్నం తినేవాళ్లు ఎంతమంది అని అడిగితే కథ మళ్లీ తిరగబడుతుంది.

కాబట్టి ఎవరు ఎక్కువ అన్న ప్రశ్నతో రైతుకు ఒరిగేదేమీ లేదు. నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. పంటకాలంలో మడిని ఒకసారి కాక పలుమార్లు ఆరబెడితే మీథేన్ 45 శాతం దాకా తగ్గుతుందని ఐపీసీసీ సగటులే చెబుతున్నాయి. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒక అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో చిల్లులు పెట్టి మడిలో పాతుతారు. నాటిన రెండు మూడు వారాల తర్వాత నుంచి నీళ్లు ఇంకనిస్తారు. గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇస్తారు. పూత సమయంలో మాత్రం మడిలో నీళ్లు ఉంచాలి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దశాబ్దాలుగా చెబుతున్న పద్ధతి ఇది. మన రైతుకు తడి, ఆరు కొత్త సంగతి కాదు. 2003లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త డాక్టర్ అలపాటి సత్యనారాయణ తెలుగు నేలకు తెచ్చిన 'శ్రీ' సాగులోనూ మడిని ముంచెత్తకుండా తడిపి ఆరబెట్టడం ప్రధాన సూత్రం.

మరి అందరూ ఎందుకు చేయరు? బెంగాల్‌లో వేసవి బోరో వరి ఎక్కువచోట్ల బోరు నీళ్ల మీద పండుతుంది. మోటారు వేసిన ప్రతి గంటకూ డబ్బు. నీళ్లు ఆదా అయితే ఆ డబ్బు రైతు జేబులో మిగులుతుంది. అక్కడ ఆరబెట్టడానికి కారణం కళ్లెదుటే ఉంది. గోదావరి డెల్టా పరిస్థితి వేరు. 1852లో సర్ ఆర్థర్ కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీళ్లు చాలాచోట్ల ఒక చేలోంచి పక్క చేలోకి పారతాయి. ఎగువ రైతు ఆరబెడితే దిగువ రైతుకు నీళ్లందవు. వంతు వచ్చినప్పుడు పట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియని శివారు రైతు, నిండా పెట్టుకోక ఏం చేస్తాడు? అతనికి మీథేన్ పాఠం చెప్పే ముందు బోదెలూ తూములూ బాగుచేసి, వంతు తప్పదన్న భరోసా ఇవ్వాలి. మడిని పదేపదే ఆరబెట్టి ఎరువు అతిగా వేస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వేడి వాయువు పెరుగుతుంది. కాబట్టి యూరియా మోతాదు విషయంలోనూ రైతుకు అండగా నిలిచేవాళ్లు ఉండాలి.

పశువు దగ్గర రెండు కొలతలు

అన్నం తర్వాత పెరుగు. బెంగాల్‌లో భోజనం మిష్టి దోయితోనో, విరిగిన పాలతో చేసిన రసగుల్లాతోనో ముగుస్తుంది. మన ఇంట్లో గడ్డపెరుగు లేనిదే భోజనం పూర్తి కాదు. నెమరువేసే పశువు మొదటి పొట్టలో గడ్డి పులిసేటప్పుడు మీథేన్ పుడుతుంది. దానిలో 90 శాతానికి పైగా నోటి గుండానే, త్రేన్పుల రూపంలో బయటికొస్తుంది.

దేశాల పోలికలో మనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లోని సగటులు చూడండి. ఉత్తర అమెరికా పాడి ఆవు ఏడాదికి 128 కిలోల మీథేన్ వదులుతుంది. భారత ఉపఖండపు పాడి ఆవు 58 కిలోలు. పశువుకు పశువు చూస్తే అమెరికా ఆవు రెట్టింపు కన్నా ఎక్కువే వదులుతోంది. కానీ అదే పట్టికలో పాల లెక్క కూడా ఉంది. అమెరికా ఆవు ఏడాదికి 8,400 కిలోల పాలిస్తే, మన ఆవు 900 కిలోలు. భాగించి చూస్తే కిలో పాలకు అక్కడ 15 గ్రాముల మీథేన్, ఇక్కడ 64 గ్రాములు. నాలుగు రెట్లకు పైన! పశువును కొలిస్తే మనం మంచివాళ్లం, పాలను కొలిస్తే చెడ్డవాళ్లం.

ఈ రెండో కొలత మన పశువుకు పూర్తి న్యాయం చేయదు. ఆ ఆవు మనిషి తినగలిగిన జొన్నలూ మొక్కజొన్నలూ పెద్దగా తినదు. వరిగడ్డి, గట్టు మీది పచ్చిక, తవుడు తిని పాలిస్తుంది. పేడ ఇస్తుంది. కష్టకాలంలో అమ్ముకోవడానికి ఆస్తిగా ఉంటుంది. ఈ సేవలన్నీ పాల లీటర్లలోకి ఎక్కవు. కానీ ఆ కొలతలో ఒక నిజం కూడా ఉంది, దాన్ని దాటవేయలేం. చాలీచాలని మేత తిన్న పశువు తన ప్రాణం నిలుపుకోవడానికే మేతలో ఎక్కువ భాగం ఖర్చు చేస్తుంది. పాలు తగ్గుతాయి, మీథేన్ మాత్రం తగ్గదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో 19 కోట్లకు పైగా ఆవులూ ఎద్దులూ, సుమారు 11 కోట్ల గేదెలూ ఉన్నాయి. ఆవుజాతి పశువుల సంఖ్యలో పశ్చిమ బెంగాల్‌దే మొదటి స్థానం. గొర్రెల్లో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది.

ఇక్కడ మందు కన్నా ముందు కావలసింది మేత. పచ్చిమేత, ఖనిజ లవణాల మిశ్రమం, సమతుల దాణా అందితే అదే పశువు ఎక్కువ పాలిస్తుంది, లీటరుకు పడే మీథేన్ తగ్గుతుంది, రైతుకు ఆదాయం పెరుగుతుంది. బెంగళూరులోని జాతీయ పశుపోషణ, శరీరధర్మ సంస్థ టానిన్లున్న మొక్కలతో తయారుచేసిన 'హరిత ధార' మిశ్రమం మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని భారత వ్యవసాయ పరిశోధన మండలి చెబుతోంది. గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో వందకు పైగా దేశాలు 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామని ప్రతిన పూనినప్పుడు భారత్ సంతకం చేయలేదు. చిన్న రైతు మడి, పశువుల నుంచి వచ్చేది బతుకుతెరువు మీథేనే తప్ప విలాసాల మీథేన్ కాదని మన ప్రభుత్వ వాదన. రైతు పక్షాన అది సరైన మాట. అదే మాటను నగరపు చెత్త దిబ్బకూ అడ్డం పెట్టుకోకూడదు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఒకే రోజు గుర్తింపు పొందిన రెండు చిత్తడి నేలలు

కొల్లేరుకూ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలకూ ఒక బంధం ఉంది. రెండూ 2002 ఆగస్టు 19న, ఒకే రోజున, అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న రామ్సర్ చిత్తడి నేలల జాబితాలోకి చేరాయి. కొల్లేరు 90,100 హెక్టార్లు, కోల్‌కతాది 12,500 హెక్టార్లు. ఆ రెండు చోట్ల పెరిగిన చేపలే న్యూ టౌన్ బజారులో పక్కపక్కన అమ్ముడవుతున్నాయి.

కొల్లేటి చుట్టూ చేపల చెరువు అంటే తవుడూ నూనెచెక్కల మీద నడిచే వ్యాపారం. చెరువులో వరుసగా పాతిన వెదురు కర్రలకు చిల్లులు పెట్టిన సంచుల్లో మేత కట్టి వేలాడదీస్తారు. శీలావతులూ బొచ్చెలూ ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి పొడుచుకు తింటాయి. తినగా రాలిన మేత, చేపల విసర్జన అడుగు మట్టిలో చేరతాయి. అక్కడ గాలి అందకపోతే మీథేన్. మంచినీటి చెరువుకు ఐపీసీసీ పెట్టిన సగటు హెక్టారుకు ఏడాదికి 183 కిలోలు. మన ప్రాంతంలో ఒక కారు, అంటే ఒక పంటకాలం, వరిని పూర్తిగా నీళ్లలో నిలిపితే వచ్చేది సుమారు 95 కిలోలు. అంటే చెరువు ఇంచుమించు రెండు కార్ల వరితో సమానం. హెక్టారుకు 8 టన్నుల చేప తీస్తారనుకుంటే కిలో చేపకు పడేది 23 గ్రాములు. మేత విచ్చలవిడిగా వేసి, అడుగు బురద ఏళ్ల తరబడి తీయని చెరువులో ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. గాలి ఆడించే యంత్రాలు, కొలిచి వేసే మేత, పట్టుబడి తర్వాత చెరువును ఎండగట్టడం దీన్ని తగ్గిస్తాయి. రైతుకు మేత ఖర్చూ కలిసొస్తుంది. ఇక సరస్సును పూడ్చి వేసిన చెరువుల గాయం వేరే కథ. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టినా కొల్లేరు ఇంకా కోలుకోవలసే ఉంది.

న్యూ టౌన్‌కు దక్షిణాన ఉన్న చిత్తడి నేలల్లో కథ ఇంకోలా నడుస్తుంది. ఇక్కడ చేపకు మేత నగరపు మురుగే. కాలువల్లో నల్లగా పారివచ్చిన మురుగునీటిని 'భేరీ' అనే వెడల్పాటి, లోతులేని చెరువుల్లోకి కొద్దికొద్దిగా వదులుతారు. ఎండ తగిలి నాచు పెరుగుతుంది. నాచు నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది, మురుగులోని సేంద్రియ పదార్థం విరిగిపోతుంది, నాచునూ సూక్ష్మజీవులనూ తిని చేప పెరుగుతుంది. అలల కోతకు గట్లు కరగకుండా అంచుల్లో గుర్రపుడెక్క పెంచుతారు. రోజుకు 70 కోట్ల లీటర్లకు పైబడిన మురుగు ఇలా శుభ్రపడి, ఏడాదికి 10 వేల టన్నులకు పైగా చేప వస్తుందని అంచనా. దీని విలువను 1980లలో లోకానికి చెప్పినవాడు రాష్ట్ర ప్రభుత్వ ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్. ఈ వ్యవస్థను కట్టింది తాను కాదనీ జాలర్లూ రైతులే గురువులనీ ఆయన వాదన.

ఈ భేరీల్లో మీథేన్ పుట్టదని కాదు. ఏ చిత్తడి నేలలోనైనా పుడుతుంది. కానీ అదే మురుగు లోతైన కాలువల్లో కదలకుండా కుళ్లితే ఆక్సిజన్ పూర్తిగా హరించుకుపోతుంది. పల్చగా పరిచి ఎండకు పెట్టడంలో ఉన్న తెలివి ఇదే. నగరం పారబోసినదాన్ని ఆహారంగా మార్చి నగరానికే తిరిగి పంపే ఇలాంటి నేలలు ప్రపంచంలో చాలా అరుదు. న్యూ టౌన్ ఇళ్ల ధరలు పెరిగేకొద్దీ ఈ నీళ్ల మీద భూముల వ్యాపారుల కన్ను పడుతూనే ఉంది. 2006లో ప్రత్యేక చట్టం వచ్చినా ఆ ఒత్తిడి ఆగలేదు. భేరీ పోతే చేప ఒక్కటే పోదు, నగరపు మురుగు శుద్ధి కేంద్రమే పోతుంది.

వెయ్యి కిలోమీటర్ల లారీ ప్రయాణం మాటేమిటని అడగొచ్చు. డీజిలు, మంచు గడ్డల తయారీకి కరెంటు... ఇవి ప్రధానంగా బొగ్గుపులుసు వాయువు లెక్కలోకి వెళతాయి. మీథేన్ లెక్కలో లారీ పాత్ర పరోక్షం. దారిలో పాడైన చేప, మార్కెట్లో కుళ్లిన కూరగాయ ఎక్కడికి పోతాయన్నదే ఇక్కడ ప్రశ్న.

చెత్తబుట్టలో పెరిగే మీథేన్

అవి పోయేది దిబ్బకే. ఈఎం బైపాస్‌కు తూర్పున ఉన్న ధాపాకు కోల్‌కతా నగరపాలక సంస్థ చెత్త రోజుకు దాదాపు 4 వేల టన్నులు చేరుతుంది. పందొమ్మిదో శతాబ్దం నుంచీ అక్కడ చెత్త పడుతోంది. ఒకప్పుడు ఆ చెత్త ఎరువుగా మారి, దాని మీద కాలీఫ్లవరూ పాలకూరా పండి నగరానికే తిరిగొచ్చేవి. ప్లాస్టిక్ కలిసిపోయాక ఆ చక్రం సన్నగిల్లింది, దిబ్బ మాత్రం కొండయింది. కింద పడి నలిగిన అన్నం, తొక్కలు, చేప పొలుసులు గాలి అందక కుళ్లుతాయి. వరిమడి బురదలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమంటే మడి మనకు అన్నం పెడుతుంది, దిబ్బ ఏమీ పెట్టదు.

వాతావరణం కూడా మనకు వ్యతిరేకమే. ఐపీసీసీ సగటుల ప్రకారం చల్లటి తడి దేశాల దిబ్బలో ఆహార వ్యర్థం సగం కుళ్లడానికి సుమారు నాలుగేళ్లు పడితే, మనలాంటి వేడి, తేమ ఉన్నచోట రెండేళ్లలోపే కుళ్లిపోతుంది. గ్యాస్ పట్టుకునే గొట్టాలు ఎప్పుడో వేద్దామనుకుంటే అప్పటికే అది గాల్లో కలిసిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వ్యర్థమవుతోంది. తొక్కలూ ముళ్లూ కలిపి. అమెరికాలో 73, చైనాలో 76 కిలోలు. న్యూ టౌన్‌లో 500 ఫ్లాట్లున్న ఒక సముదాయం, ఇంటికి నలుగురు అనుకుందాం. ఏడాదికి 110 టన్నులు, రోజుకు 300 కిలోలు. ఎత్తుగా పేర్చిన, అజమాయిషీ లేని దిబ్బలో టన్ను ఆహార వ్యర్థానికి ఐపీసీసీ సూత్రం ప్రకారం సుమారు 40 కిలోల మీథేన్ వస్తుంది. మొత్తం 4.4 టన్నులు. ఒక కారు పొడవునా నీళ్లు నిలిపిన 115 ఎకరాల వరి వదిలే మీథేన్‌తో ఇది సమానం!

ఒక్క గేటెడ్ సముదాయం, 115 ఎకరాల మడి. ఇది సగటుల మీద వేసిన అంచనాయే. అయినా ఏ కొస దగ్గర పని తేలికో ఈ పోలిక చెబుతుంది. 115 ఎకరాల్లో మీథేన్ తగ్గించాలంటే అనేకమంది చిన్న రైతులు, కాలువ అధికారులు, వ్యవసాయ శాఖ కలిసి కొన్నేళ్లు శ్రమించాలి, దిగుబడి తగ్గదన్న నమ్మకం కలిగించాలి. సముదాయంలో తగ్గించాలంటే ఇంటింటా రెండు బుట్టలు, ఆవరణలో ఒక ఎరువుల గుంట లేదా చిన్న బయోగ్యాస్ తొట్టి, దాన్ని చూసుకునే ఇద్దరికి సరైన జీతం చాలు. ఎవరి పంటా పోదు, ఎవరి పాడీ తగ్గదు.

చట్టం కూడా ఈ మాటే చెప్పింది. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరుచేయమన్నాయి. 5 వేల చదరపు మీటర్లు మించిన గేటెడ్ సముదాయాలు తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలన్నాయి. న్యూ టౌన్ నిండా ఉన్నవి అలాంటి సముదాయాలే. 2022లో జాతీయ హరిత ట్రైబ్యునల్ వ్యర్థాల నిర్వహణలో లోపాలకు పశ్చిమ బెంగాల్‌కు 3,500 కోట్లు, తెలంగాణకు 3,800 కోట్ల రూపాయల పరిహారం విధించింది. ఈ విషయంలో రెండు రాష్ట్రాల పరిస్థితీ ఒక్కటే.

చేసి చూపించినవాళ్లు

దక్షిణ కొరియా 2005లోనే ఆహార వ్యర్థాన్ని నేరుగా దిబ్బలో వేయడం నిషేధించింది. 2013 నుంచి బరువును బట్టి రుసుము పెట్టింది. అపార్ట్‌మెంట్ కింద ఉన్న డబ్బాకు కార్డు చూపిస్తే మూత తెరుచుకుంటుంది, వేసిన చెత్తను తూచి ఆ ఇంటి ఖాతాలో రాస్తుంది. ఇప్పుడు అక్కడి ఆహార వ్యర్థంలో అత్యధిక భాగం దాణాగా, ఎరువుగా, గ్యాస్‌గా మారుతోంది. ఫ్రాన్స్ 2024 జనవరి 1 నుంచి వంటింటి చెత్తను వేరుచేయడానికి అందరికీ ఏర్పాటు ఉండాలని నిర్దేశించింది. అమెరికాలో దిబ్బల నుంచి తప్పించుకుపోయే మీథేన్‌లో 58 శాతం ఆహార వ్యర్థం వల్లేనని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2023లో తేల్చింది. కిలో పాలకు మనకన్నా తక్కువ మీథేన్ వదిలే దేశానికి కూడా చెత్తబుట్ట దగ్గర పాఠం మిగిలే ఉంది.

దూరం వెళ్లనక్కర్లేదు. ఇందోర్‌లో రోజుకు 550 టన్నుల తడి చెత్తతో వాహన ఇంధనం తయారుచేసే కేంద్రం 2022 ఫిబ్రవరిలో మొదలైంది. ఇంటి దగ్గరే చెత్త వేరుకావడమే దాని బలం. మన హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతిలో, రోజుకు 10 టన్నుల దాకా కూరగాయల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ తీశారు. 2021 జనవరిలో 'మన్ కీ బాత్'లో ప్రధాని దాన్ని దేశానికి చెప్పారు. దిబ్బలో శత్రువైన మీథేన్, మూత బిగించిన తొట్టిలో పొయ్యి వెలిగించే ఇంధనం. సూక్ష్మజీవులు అవే, వాయువు అదే. దాన్ని పట్టుకున్నామా, వదిలేశామా అన్నదే తేడా.

ఎవరి వంతు ముందు?

ప్రాంతాలను పోల్చడం తప్పు కాదు. మన ఆవుకు మంచి మేత అందడం లేదని, ఐరోపా మడి రోజువారీగా మనకన్నా ఎక్కువ వదులుతోందని, ఎండ దేశపు దిబ్బ త్వరగా పొంగుతుందని ఆ పోలికే చెప్పింది. కానీ పోలిక ఉండవలసింది పని ఎంచుకోవడానికి. నింద మోపడానికి దాన్ని వాడితే, పట్టికలో వేలు చివరికి మడిలో కాలు దిగబడిన రైతు మీదకే వెళుతుంది. గోదావరి రైతు మడిని ఆరబెట్టాలంటే కాలువ బాగుండాలి. బెంగాల్ పాడి మహిళ ఆవుకు మంచి మేత పెట్టాలంటే పాలకు మంచి ధర రావాలి. కొల్లేటి చెరువు అడుగు శుభ్రపడాలంటే రైతుకు పెట్టుబడి అందాలి. ఆ ముగ్గురికీ ఇతరుల సాయం కావాలి. న్యూ టౌన్ ఫ్లాట్ యజమానికి చెత్త వేరుచేయడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, నిర్ణయం ఒక్కటి చాలు.

అందుకే మొదటి వంతు నగరానిదే. రాబోయే సముదాయ సంఘం సమావేశంలో పార్కింగ్, లిఫ్టు, దుర్గాపూజ చందాలతో పాటు తడి చెత్త కూడా చర్చకు రావాలి. దాన్ని లేవనెత్తేది తెలుగు కుటుంబమైనా బెంగాలీ కుటుంబమైనా ఒకటే, ఇద్దరూ తినేది ఒకే చేప. న్యూ టౌన్ అభివృద్ధి సంస్థ అధికారులు, ఇళ్లలో వేరుచేసిన చెత్తను మళ్లీ ఒకే లారీలో కలపకుండా చూడాలి. ఆ పని పూర్తిచేసిన రోజున నగరవాసికి ఒక హక్కు వస్తుంది: కాలువ బాగుచేయమని ప్రభుత్వాన్ని, మడి ఆరబెట్టమని రైతును అడిగే హక్కు. తన దిబ్బ పొగలు కక్కుతుండగా పల్లెకు నీతులు చెప్పే అర్హత ఏ నగరానికీ లేదు.